చక్రాల మీద అరుగు

కూర్చోవటానికేముంది, కాస్త చోటు దొరికితే చాలదూ అనుకుంటాం గాని, మన ఇళ్లల్లో ఎవరి చోటు ఎక్కడో ఎవరూ రాసిపెట్టకుండానే నిర్ణయమైపోయి ఉంటుంది. వరండాలో పడక్కుర్చీ ఎవరిదో చిన్నపిల్లలకు కూడా తెలుసు. భోజనాల బల్ల దగ్గర వంటింటి గుమ్మానికి ఆనుకుని ఉన్న కుర్చీ ఎవరిదో చెప్పనే అక్కర్లేదు, తింటూ తింటూ నాలుగుసార్లు లేవాల్సిన వాళ్లది. ప్రయాణాల్లో మరీనూ. బస్సులో కిటికీ పక్క సీటు పిల్లలకు, కారులో ముందు సీటు మగవాళ్లకు; ఒళ్లో టిఫిన్ క్యారియరు, కాళ్ల దగ్గర నీళ్ల క్యాను పెట్టుకుని ముడుచుకు కూర్చునే సీటేదో అది మనకు. ఇది ఫిర్యాదు కాదు సుమండీ. సీట్ల సంగతి చెప్పబోతున్నాను కనక ముందుగా ఈ మాట అనేసుకుంటే మంచిదని.

మావారు లెక్కల మాస్టారుగా రిటైరై ఏడాదయింది. రిటైరైన మగవాళ్లకు ఏదో ఒక పిచ్చి పట్టక మానదని మా వీధిలో ఆడవాళ్లందరి అనుభవమూను. ఒకాయనకు హోమియోపతి, ఇంకొకాయనకు మేడమీద వంకాయ మొక్కలు. మావారికి పట్టింది బండి పిచ్చి. ఎక్కడో విదేశాల్లో మొగుడూ పెళ్లాం ఒక వ్యాను కొనుక్కుని, అందులోనే మంచం, వంటిల్లు అమర్చుకుని ఊళ్లు పట్టుకు తిరుగుతూ ఉంటారట. ఆ వీడియోలు ఫోనులో చూసీ చూసీ, ఒకరోజు పొద్దున్నే ఇక్కడ వికారాబాద్‌లోనే ఒక బడివాళ్లు అమ్మేస్తున్న పాత మారుతి ఓమ్నీని బేరం చేసి తెచ్చి ఇంటిముందు నిలబెట్టారు.

ఓమ్నీ అంటే మీకు తెలియనిదేముంది. 1984లో మారుతి వ్యాన్ అన్న పేరుతో వచ్చింది, ఓమ్నీ అన్నది తరవాత పెట్టిన పేరు. 796 సీసీ ఇంజను, పక్కకు జరిగే తలుపులు. ముప్ఫయ్యయిదేళ్ల పాటు ఈ దేశంలో బడిపిల్లల్నీ, పాలక్యాన్లనీ, పెళ్లివారినీ, రోగుల్నీ మోసి మోసి, 2019లో తయారీ ఆగిపోయింది. మన సినిమాల్లో హీరోయిన్‌ని ఎత్తుకుపోవాలంటే విలన్లకు మరో బండి దొరికేది కాదు. ఆ జరిగే తలుపు సౌకర్యం అలాంటిది మరి! మా పక్కింటావిడ బండిని చూడగానే అన్న మొదటి మాట కూడా అదే. "ఎవర్ని ఎత్కపోతున్రు వదినా?"

ఎత్తుకుపోవలసిన మనిషి మా ఇంట్లోనే ఉంది. మా అత్తమ్మ.

ఆవిడకు ఎనభై దాటాయి. రెండేళ్ల కిందట స్నానాలగదిలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయింది, చేతికర్ర పట్టుకుని ఇంట్లో బాగానే తిరుగుతుంది. కాని అరగంటకు మించి కూర్చుంటే తుంటి పట్టేస్తుంది, కాసేపు నడుం వాల్చాల్సిందే. ఆవిడ తల్లిగారి ఊరు తాండూరు దాటాక నాలుగు కిలోమీటర్లలో ఒక పల్లె. అక్కడ ఆవిడ తమ్ముడున్నాడు, ఆయనా మంచం పట్టాడు. వికారాబాద్ నుంచి తాండూరెంత, నలభై కిలోమీటర్లు! రైలెక్కితే గంటలోపు. కాని ఆ రైలు ఆవిడ ఎక్కలేదు, ఆటోలో అంతసేపు కూర్చోలేదు, కారు సీటులో దిగబడితే లేవలేదు. దాంతో అక్కాతమ్ముళ్లకు రెండేళ్లుగా ఫోనే గతి. "తిన్నవా?" "తిన్న. నువ్వు తిన్నవా?" అవతల ఆయనకు వినిపించదు, ఇవతల ఈవిడకు వినిపించదు. అయినా రోజూ పావుగంట మాట్లాడుకుంటారు.

మావారి బండి పిచ్చిని నేను కాదనకపోవటానికి కారణం ఇదీ.

బండి ఎనిమిది సీట్లది. దీంట్లో ఒక తమాషా ఉంది. ముందు రెండు సీట్లు సరే. వెనక రెండు వరసలు మాత్రం ఎదురెదురుగా ఉంటాయి, రైలుపెట్టెలో లాగా. చివరి వరసవాళ్లు ముందుకు చూస్తారు, మధ్య వరసవాళ్లు డ్రైవరుకు వీపు తిప్పి వెనక్కి చూస్తారు. అంటే అత్తగారు చివరి సీటులో కూర్చుంటే, మందులూ మంచినీళ్లూ అందించే కోడలు ఆవిడ ఎదురుగా, మోకాళ్లు మోకాళ్లూ తగిలేలా కూర్చోవాలన్నమాట. ముందు సీటు ఖాళీగా ఉంటుంది కదా అంటారేమో. దాని కిందే ఇంజను. ఎండాకాలం పెనం మీద కూర్చున్నట్టే. పైగా ఆవిడకు మాత్ర అందించాలంటే నేను మెడ తిప్పుకుని సర్కస్ చెయ్యాలి. ఇంట్లో ముప్ఫయ్యేళ్లలో నేనూ మా అత్తమ్మా ఎన్నడూ ఎదురెదురుగా గంటసేపు కూర్చున్న పాపాన పోలేదు. ఒకరు కూరలు తరుగుతుంటే ఇంకొకరు బియ్యం ఏరుతూ పక్కపక్కన కూర్చోవటమే. పక్కపక్కన కూర్చుంటే ఎన్నయినా చెప్పుకోవచ్చు. ఎదురుగా కూర్చుంటే మొహం చూడాలిగా!

సరే, మావారు గ్రాఫ్ కాగితం తీశారు. బండి బయటి పొడవు 3370 మిల్లీమీటర్లు, అంటే పదకొండు అడుగులు. వెడల్పు 1410, అంటే నాలుగడుగుల ఏడంగుళాలు. అందులో రేకులూ, తలుపులూ పోను లోపల మిగిలేది ఒక పెద్ద బీరువా అంత. ఆ బీరువాలో ఆయన ఒక పక్కగా పొడుగాటి సోఫా గీశారు, దాన్ని లాగితే మంచం. సోఫా కింద సామాన్ల పెట్టెలు. తలుపు పక్కన చిన్న గ్యాసు పొయ్యి, ఇరవై లీటర్ల క్యాను, దానికో కుళాయి. మధ్యలో మడతబల్ల. అన్నీ రంగు పెన్సిళ్లతో. ఏమాటకామాటే చెప్పుకోవాలి, బొమ్మ ముచ్చటగా ఉంది. మనుషుల్ని కూడా చిన్నచిన్న గుండ్రాలతో గుర్తు పెట్టారు.

"ఇందులో నేనెక్కడున్నానండీ?" అన్నాను.

"ఇదిగో," అని పొయ్యి పక్కనున్న గుండ్రం చూపించారు.

నేనేమీ అనలేదు. చక్రాల మీదైనా వంటిల్లు వంటిల్లే కదా. కాకపోతే, కిటికీలు మూసిన రేకుడబ్బాలో, కర్టెన్లకు జానెడు దూరంలో గ్యాసు వెలిగించే ప్రసక్తి లేదని మాత్రం ఆ పూటే తేల్చి చెప్పేశాను. పులిహోర కట్టుకుపోవచ్చు, చాయ్ దారిలో తాగొచ్చు. పొయ్యి బొమ్మలోంచి పోయింది. ఆ గుండ్రం మాత్రం అక్కడే మిగిలింది, దానికేం పనీ లేకుండా.

సీట్లు మార్చాలంటే సీట్లు కుట్టే మనిషి కావాలి. ఉస్తాద్ అంటారు అందరూ. ఆటోల నుంచి పెళ్లి సోఫాల దాకా అన్నీ కుట్టిన చెయ్యి. ఆయన మా ఇంటికే వచ్చి, నాలుగు బోల్టులు విప్పి వెనక సీటు ఎత్తాడు. బడిపిల్లల బండి కదా, దాని కింద ఒక లోకమే ఉంది! కురచ పెన్సిళ్లు, సగం కొరికిన రబ్బరు, రెండు రిబ్బన్లు, బొత్తాలు, ఎండిపోయిన జామకాయ ముక్క, ఒక పసిపిల్ల కాలిజోడు, అదీ ఒకటే. ఆ రోజు ఆ పిల్ల ఒంటికాలి జోడుతో ఇంటికి వెళ్లి ఎన్ని తిట్లు తిన్నదో పాపం. వాటితో పాటు దుమ్ముకొట్టుకుపోయిన నల్లటి పటకాలేవో రెండు బయటికొచ్చాయి. ఏమిటా అని దులిపి చూస్తే సీటు బెల్టులు! ఏళ్ల తరబడి సీటు కిందకి నెట్టేసి ఉంచారు.

గ్రాఫ్ కాగితం చూసి ఉస్తాద్ తల గోక్కున్నాడు. "సార్, గీ సోఫా మంచిగనే కొడ్త. బండి నిలవడ్డప్పుడు మంచిగుంటది. ఉరికేటప్పుడు బిరేక్ కొడ్తె పెద్దమ్మ యాడికి పోతది?"

మావారు చెక్కను స్క్రూలతో బిగిద్దామన్నారు.

"చెక్కకు కొట్టిన స్క్రూ పరుపును పట్కుంటది సార్, మనిషిని పట్కోదు," అన్నాడు ఉస్తాద్. కంపెనీవాళ్లు సీటు బిగించే చోట నేల రేకు కిందనే గట్టి పట్టు ఇచ్చి, దానికి బోల్టు వేస్తారట. బెల్టు కొక్కేలూ అంతే. పక్కకు తిరిగి కూర్చున్న మనిషి బ్రేకు వేసినప్పుడు పక్కకి జారిపోతాడు; అప్పుడు వీపుకు ఆధారం లేదు, కాళ్లకు ఆధారం లేదు. లెక్కల మాస్టారికి ఉస్తాద్ భౌతికశాస్త్రం చెప్పటం నాకు భలే నచ్చింది.

ఆ రాత్రి బెంగుళూరు నుంచి మా అమ్మాయి ఫోను చేసినప్పుడు మిగతా సగం చెప్పింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ అని ఒకటుందిట. కంపెనీ తయారుచేసిన తీరుకు విరుద్ధంగా బండిని మనిష్టం వచ్చినట్టు మార్చెయ్యటానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. ఆర్సీలో ఎనిమిది సీట్లు అని రాసి ఉంటే, వాటిని పీకి సోఫా వేసుకోవటం మన డ్రాయింగు రూములో బల్ల జరుపుకోవటంలాంటిది కాదు. "ఏదన్నా అయితే ఇన్సూరెన్సువాళ్లు మొదట అడిగేది అదే నాన్నా," అంది. అంతటితో ఆగకుండా, 2022 సెప్టెంబరులో సైరస్ మిస్త్రీ పోయినప్పుడు ఆయన కూర్చున్నది వెనక సీటులోనేననీ, బెల్టు పెట్టుకోలేదనీ గుర్తు చేసింది. అంత పెద్ద కారు, అంత పెద్ద మనిషి. వెనక సీటువాళ్లు బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా అన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. వెనక సీటంటే ఏమీ కాని చోటు అనుకుంటాం, చట్టానికి మాత్రం లెక్కే.

మావారు రెండు రోజులు చిన్నబోయి తిరిగారు. మగవాళ్లు చిన్నబోతే పాత సామాన్లు సర్దుతారు. ఆయన స్టోరు గది సర్దారు. మూడో రోజు తెల్లకాగితం మీద కొత్త బొమ్మ వేసుకొచ్చారు. ఈసారి సీట్లు ఉన్నచోటే ఉన్నాయి. చట్రాలు కదలవు, బోల్టులు కదలవు, బెల్టులు కిందనుంచి పైకొస్తాయి. మార్చేదల్లా పరుపులూ, పైబట్టా. ఎదురెదురు సీట్ల మధ్య ఖాళీలో పెట్టటానికి ముప్పావంగుళం ప్లైవుడ్ పలకలు రెండు, వాటికి మడత కాళ్లు, పైన పరుపు ముక్క. బండి ఆపినప్పుడు పలకలు పెడితే రెండు సీట్లూ కలిసి మంచం. బండి కదిలేముందు తీసి వెనక సీటు వెనకాల నిలబెట్టి పట్టీతో బిగించటం. సామానే గాని మార్పు కాదు. అత్తమ్మ అరగంట కూర్చుంటుంది, మధ్యలో ఎక్కడో చెట్టుకింద ఆపి నడుం వాలుస్తుంది, మళ్లీ అరగంట. ఇంతకంటే మంచి ఉపాయం మాకెవరికీ తోచలేదు.

అసలు కథ పరుపుల దగ్గర మొదలైంది. మావారు మెత్తగా ఉండాలన్నారు, అమ్మకు నొప్పి తగలకూడదని. ఆపరేషన్ తరవాత డాక్టరు నాకు చెప్పిన మాట వేరు. కూర్చున్నప్పుడు మోకాలు తుంటికన్నా పైకి రాకూడదు. అంటే సీటు ఎత్తుగా ఉండాలి, గట్టిగా ఉండాలి. కారు సీట్లన్నీ వెనక్కి వాలి ఉంటాయి, కూర్చోగానే వెనక దిగబడి మోకాళ్లు పైకి లేస్తాయి. ఆరోగ్యవంతులకు అది హాయి, తుంటి విరిగినవాళ్లకు ఉచ్చు. నేను ఉస్తాద్‌కి ఈ సంగతి చెప్పబోతే ఆయనే ముందందుకున్నాడు. "మెత్తగుంటె కూసునుడు సుకమేనమ్మా, లేసుడే కష్టం."

ఈ మాట సోఫాలు కొనే ప్రతి ఇంటివాళ్లూ గోడమీద రాసుకోవచ్చు.

అడుగున రీబాండెడ్ ఫోమ్. అంటే ఫోమ్ తుక్కునంతా కలిపి అచ్చుపోసి గట్టిగా నొక్కిన దిమ్మ, రంగురంగుల ముక్కలతో మొజాయిక్ గచ్చులా ఉంటుంది. దాన్ని వెనక ఎత్తుగా, ముందు పల్చగా వాలు కోసి వేస్తే సీటు పల్లం పూడి సమమైంది. దాని మీద రెండంగుళాలు 40 డెన్సిటీ ఫోమ్. ఈ డెన్సిటీ అన్న మాట మనల్ని కొట్లలో తెగ బెదిరిస్తుంది. అదేమీ బ్రహ్మవిద్య కాదు, ఒక ఘనమీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్నదే ఆ అంకె. అంకె పెద్దదైతే గట్టిదని కాదు, తొందరగా కుంగిపోదని. మెత్తన, గట్టి అన్నది వేరే లెక్క. చేత్తో నొక్కి కాదు, కూర్చుని పది నిమిషాలు ఆగి చూడాలి. మా అత్తమ్మను కుర్చీలో బయటికి తెచ్చి, అరుగు మీద ఆ దిమ్మ వేసి కూర్చోబెట్టాం. ఉస్తాద్ గడియారం చూస్తూ నిలబడ్డాడు. దర్జీ దగ్గర పెళ్లికూతురు జాకెట్టు కొలతలు ఇచ్చినంత శ్రద్ధగా ఆవిడ కూర్చుంది. "ఇంకో యేలెడు లేపు," అంది చివరికి. లేపాడు. అంతకన్నా లేపితే తల పైకప్పుకు తగులుతుంది.

పైబట్ట రెక్సిన్ వద్దన్నాను. తుడిస్తే పోతుంది, నిజమే. కాని మా ఊరి ఎండకు రెక్సిన్ మీద కూర్చుంటే చీర వీపుకు అతుక్కుని, లేచేటప్పుడు చెమటతో సహా ఊడి వస్తుంది. అంచులకూ, వెనకవైపుకూ రెక్సిన్, కూర్చునే చోట గుడ్డ అని ఒప్పందమైంది. దానిమీద పరచటానికి షోలాపూర్ దుప్పటి ఇంట్లోనే ఉంది.

ఆ అరుగు మీద కూర్చునే అత్తమ్మ కచ్చురం సంగతి చెప్పింది. ఆవిడ పెళ్లయిన రోజుల్లో వాళ్ల ఊరినుంచి తాండూరు స్టేషనుకు సవారి కచ్చురంలో వచ్చేవాళ్లట. పైన తడిక గూడు, లోపల వరిగడ్డి మందంగా పరిచి, దానిమీద బొంత, బొంతమీద జంపఖానా. అదీ ఆనాటి ఫోమ్. కుదుపుకు గడ్డి నొక్కుకుపోతే దారిలో దించి మళ్లీ విదిలించేవాళ్లు. ఒక మూల నీళ్ల కూజా, ఇంకో మూల సద్దిమూట. రాత్రయితే ఎడ్లను విప్పి చెట్టుకింద బండిలోనే పడక. మావారు విదేశాల్లో చూసి ఇంత ఆశ్చర్యపోయారే, ఆ కాపురమంతా మా అత్తమ్మ పదిహేనో ఏటే చేసేసింది! స్టేషను చేరాక రైలు. సికింద్రాబాద్, వాడి మధ్య నిజాం కాలంలో 1874లోనే వేసిన లైను ఇది. మూడో తరగతిలో ఉత్త చెక్కబల్లలు. మూడో తరగతి 1974లో పోయింది. మధు దండావతే రైల్వే మంత్రిగా ఉన్న 1977-79 కాలంలో రెండో తరగతి పడకల చెక్కలమీద రెండంగుళాల ఫోమ్ వేయించారు. ఆ రెండంగుళాలే దేశమంతటికీ నడుంనొప్పి తగ్గించాయి. ఎన్ని ఉపన్యాసాలు మరిచిపోయినా మా తరంవాళ్లకు ఆ రెండంగుళాలు గుర్తే.

అన్నట్టు, కారవాన్ అన్న మాట సినిమావాళ్ల పుణ్యమా అని ఇప్పుడు అందరికీ తెలిసింది గాని, మన హైదరాబాదులో గోల్కొండ పక్కన కార్వాన్ అని పేటే ఉంది కదా. వర్తకుల బిడారులు దిగిన చోటు కాబట్టి ఆ పేరు. 1671లో కట్టిన టోలీ మసీదు అక్కడే. ఆ వైపునుంచి పారే మూసీ పుట్టింది మా అనంతగిరి కొండల్లో. బండికి మొదటి పరీక్ష అనంతగిరి దాకానే. పద్మనాభస్వామికి ఒక కొబ్బరికాయ, కొండదారి మలుపుల్లో పలకలు చప్పుడు చేస్తున్నాయని పట్టీ మరో రెండు రంధ్రాలు బిగించటం. అంతకుమించి చెప్పేదేమీ లేదు.

అత్తమ్మ కచ్చురం కథలో నాకు పట్టుకున్న మాట వేరే. ఆడవాళ్లను బండిలో వెనకవైపు కూర్చోబెట్టేవాళ్లట, వీపు ఎడ్లవైపు, మొహం వెనక్కి. అచ్చం నా సీటులాగే. "అట్లెట్ల కూసునేటోళ్లు అత్తమ్మా, దారి కనవడకుండ?" అన్నాను.

"దారి తోలెటోనికి కనవడ్తె సాలదా?" అంది. కాసేపాగి, "ఎనకకు మొకం పెట్టి కూసుంటే తల్లిగారిల్లు శానసేపు అగుపడ్తది బిడ్డా," అంది.

ఉస్తాద్ కత్తెర ఆపి ఆవిడ వైపు చూశాడు. మళ్లీ గుడ్డ కత్తిరించుకున్నాడు.

పుష్యమాసంలో బయల్దేరాం. కందులు నూర్చే రోజులు. చివరి సీటులో అత్తమ్మ బెల్టుతో సహా, ఎదురుగా నేను. ఎప్పటిలాగే వెనక అద్దంలోంచి వికారాబాద్ దూరమవటం చూస్తున్నాను. వెనక్కి కూర్చున్న మనిషికి గుంత వచ్చే ముందు తెలియదు, వచ్చాకే తెలుస్తుంది. తాండూరు దారిలో బండల లారీలు తిరిగి తిరిగి రోడ్డు ఉన్నంతలో ఉంది. ప్రతి కుదుపుకూ అత్తమ్మ మొహం వైపు చూస్తాను. ఆవిడ నా మొహం వైపు చూస్తుంది. నేను చూస్తున్నానని ఆవిడ నొప్పి దాచుకుంటుంది, ఆవిడ దాచుకుంటోందని నాకు తెలిసిపోతూ ఉంటుంది. ఎదురెదురుగా కూర్చోవటంలో ఉన్న చిక్కు ఇదే. ఇరవై అయిదు నిమిషాలయ్యాక, "ఆపమందునా?" అన్నాను. "ఆపు," అంది. ఆవిడ నోట ఆ మాట రావటం చిన్న విషయం కాదు.

ధారూరు దగ్గర ఒక చింతచెట్టు కింద ఆపాం. మావారు పలకలు తీసి, కాళ్లు మడత విప్పి, పరుపు వేసి, గ్రాఫ్ కాగితం మీది మంచాన్ని రెండున్నర నిమిషాల్లో దించారు. గడియారం చూసి మరీ చెప్పారు. ఆ మంచం మీద ఆయన పడుకుంటే కాళ్లు బయటే, అత్తమ్మకు మాత్రం సరిగ్గా సరిపోయింది. జరుపుడు తలుపు తీసిపెడితే చెట్టుగాలి. గొర్రెల వెంట వెళుతున్న ఒకావిడ ఆగి లోపలికి తొంగిచూసింది. తెల్లటి వ్యాను, పడుకున్న ముసలావిడ. జాలిగా, "దవఖానకా అవ్వా?" అంది.

అత్తమ్మ తల ఎత్తకుండానే జవాబిచ్చింది. "కాదు. తల్లిగారింటికి."

ఊళ్లో వాళ్లిల్లు నాపరాళ్ల ఇల్లు. తాండూరు చుట్టుపట్ల గచ్చూ, అరుగూ, ప్రహరీ అన్నీ ఆ బండలే. తమ్ముడు వసారాలో నులకమంచం మీదున్నాడు. మంచం మరీ కిందకి ఉంది, అత్తమ్మ దానిమీద కూర్చుంటే లేవలేదు. బండిలోంచి పరుపు దిమ్మ తెచ్చి ఆయన పక్కనున్న అరుగు మీద వేశాం. ఎత్తు సరిపోయింది. ఆవిడ కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుంది.

"తిన్నవా?" అంది.

"తిన్న. నువ్వు తిన్నవా?" అన్నాడు ఆయన.

అంతే. ఫోనులో మాట్లాడుకునేదే మళ్లీ మాట్లాడుకున్నారు. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నారు. నేనూ, ఆయన కోడలూ వంటింట్లో చాలాసేపు అనవసరంగా పని కల్పించుకున్నాం.

వచ్చేటప్పుడు కందిపప్పు మూట పెట్టారు. తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబరులో జీఐ గుర్తింపు వచ్చిందని మా అమ్మాయి చెబుతుంటుంది గాని, మా ఇంట్లో దానికి ఆ గుర్తింపు అత్తమ్మ కాపురానికి వచ్చిననాడే ఇచ్చేశాం. మూట సీటు కింద సరిగ్గా పట్టింది. సోఫా పెట్టెలు చేయించి ఉంటే పట్టేదా అని మావారిని అడగాలనిపించింది, అడగలేదు.

అందరం ఎక్కుతుంటే అత్తమ్మ గుమ్మంలోనే ఆగి, "నేను గా పక్క కూసుంట," అని నా సీటు చూపించింది.

మావారు ఒప్పుకోలేదు. వెనక్కి తిరిగి కూర్చుంటే కళ్లు తిరుగుతాయి, వద్దమ్మా అన్నారు. నాకు మా అమ్మాయి చెప్పిన సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చింది. చంటిపిల్లల కారు సీట్లను కావాలనే వెనక్కి తిప్పి పెడతారట, బ్రేకు వేసినప్పుడు ఒళ్లంతా సీటుకే ఆనుతుంది కాబట్టి. ఆ మాట చెప్పాను. రెండు సీట్లకూ ఒకే ఎత్తు పరుపు వేశాం కదా, ఎటైనా ఒకటే. మావారు ఇక మాట్లాడలేదు. నడుము చుట్టూ దుప్పటి మడత పెట్టి, కదలకుండా సర్ది కూర్చోబెట్టాం.

అలా నేను మొదటిసారి ఆ బండిలో ముందుకు చూస్తూ కూర్చున్నాను. ఎదురుగా అత్తమ్మ తల, ఆవిడ వెనక మావారి బట్టతల, ఆ పైన అద్దంలో రోడ్డు. బండల లారీ ఒకటి మా ముందే పోతోంది. గుంతలన్నీ ముందే కనపడుతున్నాయి. చెప్పొద్దూ, తెలిసి పడేకన్నా తెలియకుండా పడటమే నయమనిపించింది. "చూసి పోనివ్వండి," "అదిగో గుంత," "లారీ లారీ" అని నేను పది నిమిషాల్లో ఇరవైసార్లు అన్నానని మావారు తరవాత లెక్క చెప్పారు.

అత్తమ్మ ఇవేమీ వినలేదు. వెనక అద్దంలోంచి చూస్తూ ఉంది. ఊరి చివర వేపచెట్టు, తాండూరు బజారు, రోడ్డు పక్కన నిలువుగా పేర్చిన బండల దొంతరలు ఒకటి తరవాత ఒకటి చిన్నవయ్యాయి. ధారూరు చింతచెట్టు దగ్గర మావారు వేగం తగ్గిస్తే, "ఇంకింత పోనియ్యి రా," అంది. ఇంకో రెండు కిలోమీటర్లు పోయాక ఆపాం. అక్కడ నీడ లేదు.

మర్నాడు ఉస్తాద్‌కి ఫోను చేశాను. వెనక్కి తిరిగే సీటులో కిటికీవైపు చెయ్యి ఆనించుకోవటానికి ఒక దిండు కుట్టి ఇవ్వమన్నాను.

"పెద్దమ్మకా, మీకా?" అన్నాడు.

"ఒకటి సరిపోదు, రెండు కుట్టు," అన్నాను.